బీచ్‌లో నిలబడితే మైనస్ అరవై ఎనిమిది

యూనివర్సిటీల శాటిలైట్ పొజిషనింగ్ ల్యాబులు ఇచ్చే బేస్ డేటా, ఆర్‌టీకే కరెక్షన్ల గురించి ఈ నెల వచ్చిన ప్రశ్నలివి. ఒకచోట కదలకుండా ఉండే రిసీవర్ బేస్, చేత్తో తిప్పేది రోవర్. బేస్ పంపే కరెక్షన్లతో రోవర్ అక్కడికక్కడే తన చోటును సెంటీమీటర్లలో తేల్చుకోవడమే ఆర్‌టీకే, అలా తేలితే ఫిక్స్. ప్రశ్నలు దాదాపు అన్నీ విశాఖ, ఆ చుట్టుపక్కల నుంచి వచ్చినవే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: ఆర్‌కే బీచ్‌లో ఇసుక కోత కొలుస్తున్నాం. ల్యాబ్ కరెక్షన్‌తో రోవర్ ఫిక్స్ అయింది గానీ ఎత్తు మైనస్ 68 మీటర్లు చూపిస్తోంది. సముద్రం కళ్లెదుటే ఉంది, మేమేమో దానికన్నా అంత కింద ఉన్నామంటోంది. పరికరం పాడైందా?
— ఎంటెక్ విద్యార్థులు, విశాఖపట్నం

పరికరం బంగారంలా ఉంది. శాటిలైట్లకు సముద్రమట్టం తెలియదు. రిసీవర్ చెప్పే ఎత్తు ఎలిప్సాయిడ్ నుంచి కొలిచినది. అంటే భూమికి బదులుగా లెక్కల కోసం పెట్టుకున్న నున్నటి గుండ్రటి ఆకారం నుంచి. అసలు సముద్రమట్టం అంత నున్నగా ఉండదు. భూమి లోపలి పదార్థం ఒకచోట దట్టంగా, ఒకచోట పల్చగా ఉండటంతో ఆకర్షణ మారుతుంది, దాన్ని బట్టి నీటిమట్టమూ లేచి దిగుతుంది. ఆ ఎగుడుదిగుడు మట్టమే జియాయిడ్. ప్రపంచంలోకెల్లా పెద్ద జియాయిడ్ పల్లం శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది, 106 మీటర్ల లోతున. దాని వాలు మన తీరం దాకా పాకింది. అందుకే విశాఖలో సముద్రమట్టం ఎలిప్సాయిడ్‌కు సుమారు 70 మీటర్లు కింద ఉంటుంది.

లెక్క ఇంతే: రోవర్ చూపిన ఎత్తులోంచి ఆ చోటి జియాయిడ్ విలువ తీసేయాలి. మైనస్ 68 లోంచి మైనస్ 70 తీసేస్తే ప్లస్ 2. మీరు నిలబడ్డది సముద్రమట్టానికి రెండు మీటర్ల పైన.

రోవర్ కంట్రోలర్‌లో ఈజీఎం 2008 అనే జియాయిడ్ ఫైల్ ఎక్కిస్తే ఈ తీసివేత అదే చేసుకుంటుంది. కానీ అక్కడితో ఆగొద్దు. అది ప్రపంచమంతటికీ వేసిన నమూనా, మట్టం ముందే కొలిచి పెట్టిన మన బెంచ్‌మార్క్ రాళ్లతో సరిగ్గా కలవదు. కొన్ని సెంటీమీటర్ల నుంచి పదుల సెంటీమీటర్ల దాకా తేడా రావచ్చు. సర్వే చేసే చోటికి దగ్గర్లో మట్టం తెలిసిన బెంచ్‌మార్క్‌లు కనీసం మూడు చూసుకోండి. ఒక్కోదాని మీద ట్రైపాడ్ వేసి కనీసం గంట కదపకుండా స్టాటిక్ రీడింగ్ తీయండి. వచ్చిన తేడాల సగటును మీ ఎత్తులన్నిటికీ కలపండి. మూడింట్లో ఒకటి మిగతా రెంటికీ దూరంగా ఉంటే ఆ రాయి కదిలిందనో, మీరు యాంటెన్నా ఎత్తు తప్పు రాశారనో అనుకోవాలి. రెండోదే ఎక్కువసార్లు జరుగుతుంది.

మన దేశపు మట్టాల లెక్కకు మూలం తొమ్మిది రేవుల్లో తీసిన పోటుపాట్ల కొలతలు. 1909లో స్థిరపడిన ఆ లెక్కలో విశాఖ కూడా ఒక రేవు. మీరు దాదాపు మూలం దగ్గరే సర్వే చేస్తున్నారన్నమాట. పోర్టు చార్టుల్లోని లోతులతో మాత్రం మీ ఎత్తులను నేరుగా కలపకండి. అక్కడ సున్నా అంటే సగటు సముద్రమట్టం కాదు, బాగా పాటు తీసినప్పటి మట్టానికి దగ్గరగా ఉండేది.

ఇంకొక మాట. ఆర్‌టీకేలో నిలువు కొలత రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. బీచ్ కోతకు అది చాలు. 2000కు 1 వాలుతో డ్రైన్ వేయాలంటే వంద మీటర్లకు దిగాల్సింది ఐదు సెంటీమీటర్లే. అక్కడ మట్టాలు చూసే ఆటో లెవెల్, స్టాఫ్ (కొలత కర్ర) పట్టుకోవాల్సిందే.

ప్రశ్న: లేఅవుట్‌లో రోవర్‌తో రెండు కంట్రోల్ పాయింట్లు పెట్టాం, మధ్య దూరం 1000.33 మీటర్లు వచ్చింది. టోటల్ స్టేషన్‌తో కొలిస్తే సరిగ్గా 1000.00. ఏది నమ్మాలి?
— ప్రైవేటు సర్వేయర్, మధురవాడ

రెండూ నిజమే. రోవర్ మీకు ఇచ్చింది యూటీఎం అనే మ్యాపు గ్రిడ్ మీది దూరం, టోటల్ స్టేషన్ కొలిచింది నేల మీది దూరం.

గుండ్రటి భూమిని చదును కాగితం మీద పరిస్తే ఎక్కడో సాగక తప్పదు. మనమున్న యూటీఎం పట్టీకి, అంటే 44వ జోన్‌కు, మధ్యరేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ గీత మీద వెయ్యి మీటర్లు మ్యాపులో 999.6 అవుతాయి. తూర్పుకు జరిగేకొద్దీ సాగుతూ 83.3 డిగ్రీల దగ్గరున్న విశాఖకు వచ్చేసరికి స్కేల్ ఫ్యాక్టర్ 1.00033 అవుతుంది. కిలోమీటరుకు 33 సెంటీమీటర్లు, వంద మీటర్లకు 3.3 సెంటీమీటర్లు.

విస్తీర్ణంలో ఇది రెట్టింపు శాతంగా కనిపిస్తుంది. ఎకరానికి, అంటే 4840 గజాలకు, దాదాపు 3.2 గజాలు ఎక్కువ చూపిస్తుంది. మధురవాడలో గజం ధర తెలిసినవాళ్లకు ఇది చిన్న తేడా అని చెప్పే ధైర్యం మాకు లేదు.

కంట్రోలర్‌లో గ్రిడ్, గ్రౌండ్ అని రెండు దూరాల సెట్టింగ్ ఉంటుంది. లేఅవుట్ పనికి గ్రౌండ్ పెట్టండి. లేదా సైట్ మధ్యలో ఒక పాయింటును ఆధారంగా తీసుకుని లోకల్ ప్రొజెక్షన్ చేసుకోండి, దాని స్కేల్ 1 ఉండాలి. ఒకే సైట్‌లో సగం పాయింట్లు గ్రిడ్‌లో, సగం గ్రౌండ్‌లో ఉండటమే అన్నిటికన్నా చెడ్డది. తర్వాత ఎవరూ విడదీయలేరు.

ప్రశ్న: టెక్కలి వైపు కాలువ సర్వేలో పాయింట్లు ఒకచోట తెగిపోయి వందల కిలోమీటర్ల దూరం దూకుతున్నాయి.
— జీఐఎస్ ఆపరేటర్, శ్రీకాకుళం

శ్రీకాకుళం పట్టణం దాటాక కొద్ది దూరంలోనే 84 డిగ్రీల రేఖాంశం వస్తుంది. అక్కడ 44వ జోన్ అయిపోయి 45 మొదలవుతుంది. టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లోనే ఉన్నాయి. ఈస్టింగ్, అంటే మ్యాపులో తూర్పు వైపు మీటర్ల కొలత, 8,17,000 దగ్గర నుంచి ఒక్కసారిగా 1,83,000కు పడిపోతుంది. మీ రిసీవర్‌లో జోన్ ఆటోమేటిక్ అని ఉండి ఉంటుంది. దాన్ని తీసేసి సర్వే మొత్తానికీ 44 అనే పెట్టేయండి. అయితే ఇచ్ఛాపురం దాకా 44లోనే లాగితే కిలోమీటరుకు దాదాపు మీటరున్నర సాగుతుంది. పై జవాబులోని గ్రౌండ్ దూరం సంగతి అక్కడ ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

ప్రశ్న: పొద్దున బ్రహ్మాండంగా పనిచేసే రోవర్ సాయంత్రం ఏడు దాటితే ఫిక్స్‌లో నిలవదు. ఫ్లోట్‌లోకి, అంటే తేలీతేలని లెక్కలోకి పడిపోతుంది. శాటిలైట్లు 25కు పైగా చూపిస్తూనే ఉంటుంది. ఎండ తప్పించుకుందామని సాయంత్రాలు పెట్టుకున్నాం, ఇదీ వరస.
— కాంట్రాక్టు సర్వేయర్, గాజువాక

ఇది మన అక్షాంశాల శాపం. ఎండ ఉన్నంతసేపూ పైన అయనోఆవరణంలో ఎలక్ట్రాన్లు పోగవుతాయి. పొద్దు వాలాక ఆ పొర నునుపుగా తగ్గదు. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో ముక్కలు ముక్కలుగా, బుడగలు లేచినట్టు విరుగుతుంది. ఆ బుడగల అంచుల గుండా వచ్చిన సిగ్నల్ మిణుకుమిణుకుమంటుంది. దీన్నే సింటిలేషన్ అంటారు. రాత్రి ఏడున్నర నుంచి అర్ధరాత్రి దాకా దీని ప్రతాపం. మార్చి, ఏప్రిల్, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మరీ ఎక్కువ. సూర్యుడి మీద మచ్చలు పెరిగిన ఏళ్లలో ఇంకా ఎక్కువ.

ఆంధ్రా యూనివర్సిటీలో అయనోఆవరణ పరిశోధనకు దశాబ్దాల చరిత్ర ఉంది. విమానాలకు దారి చూపే గగన్ శాటిలైట్ వ్యవస్థను కట్టేటప్పుడు ఎలక్ట్రాన్ల సాంద్రత కొలవడానికి దేశంలో 18 చోట్ల రిసీవర్లు పెడితే వాటిలో విశాఖ ఒకటి. మన ఆకాశం అంత తిరకాసుది.

ఫిక్స్ ఎందుకు పోతుందంటే, శాటిలైట్ పంపే ఎల్1 తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. శాటిలైట్‌కు, మీకు మధ్య అలాంటి తరంగాలు పూర్తిగా ఎన్ని ఉన్నాయో రిసీవర్ తేల్చుకోగలిగితే అది ఫిక్స్. సిగ్నల్ ఒక్క క్షణం తెగినా ఆ లెక్క తప్పుతుంది, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. ఆకాశంలో సగం శాటిలైట్లకు ఇలా జరుగుతుంటే 25 ఉండీ లాభం లేదు.

ఫిక్స్ పోవడం కన్నా తప్పు ఫిక్స్ రావడం ప్రమాదం. ఒకటి రెండు తరంగాలు తప్పు లెక్కపెట్టి, 20, 40 సెంటీమీటర్లు పక్కన నిలబడి కూడా ధీమాగా ఫిక్స్ అని చూపిస్తుంది. సాయంత్రం తీసిన ముఖ్యమైన పాయింటుకు రీడింగ్ అయ్యాక యాంటెన్నాను తిరగేసి లాక్ తెంపండి, మళ్లీ ఫిక్స్ రానిచ్చి రెండోసారి కొలవండి. రెండూ మూడు సెంటీమీటర్లలోపు కలవకపోతే రెండింటినీ కొట్టేయండి.

ఎండ తప్పించుకోవాలంటే తెల్లవారుజామున ఐదున్నర నుంచి పది దాకా పెట్టుకోండి. బేస్ దూరం 10 కిలోమీటర్లు దాటనివ్వకండి. సెట్టింగుల్లో ఎల్5 సిగ్నల్, గెలీలియో, బైడూ శాటిలైట్లు అన్నీ ఆన్ చేసుకోండి. ఎలివేషన్ మాస్క్ 15 డిగ్రీలు ఉంచండి, అంతకన్నా కిందున్న శాటిలైట్లను రిసీవర్ వదిలేస్తుంది. ఇంకొకటి, గాజువాక, పోర్టు వైపు క్రేన్లు, కంటైనర్ల గుట్టలు, రేకుల షెడ్ల దగ్గర పట్టపగలు కూడా ఫిక్స్ తడబడుతుంది. అది అయనోఆవరణం తప్పు కాదు, ఇనుము మీద తగిలి తిరిగొచ్చే సిగ్నల్ పని. పది పదిహేను మీటర్లు పక్కకు జరిగి రెండు పాయింట్లు పెట్టుకుని, అసలు మూలను టేపుతోనో టోటల్ స్టేషన్‌తోనో కట్టుకోండి.

ప్రశ్న: మార్చి 15న ఉదయం 5.10 నుంచి 6.20 దాకా డ్రోన్ ఎగరేశాం. పీపీకే కోసం, అంటే ఎగరేశాక బేస్ డేటాతో ఫొటోల చోట్లు సరిచేయడానికి, ల్యాబ్ నుంచి ఆ రోజు బేస్ రికార్డు (రైనెక్స్ ఫైల్) తెచ్చుకుంటే మొదటి 20 నిమిషాల ఫొటోలకు బేస్ డేటా లేదంటోంది.
— పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

రైనెక్స్ ఫైల్లో రోజు మన అర్ధరాత్రి మొదలవదు. జీపీఎస్ కాలం ప్రకారం మొదలవుతుంది, అంటే మన గడియారంలో ఉదయం 5 గంటల 29 నిమిషాల 42 సెకన్లకు. మీరు ఎగరేసిన మొదటి 20 నిమిషాలు 14వ తేదీ ఫైల్లో ఉన్నాయి. ఫైల్ పేరులో తేదీ బదులు ఏడాదిలో ఎన్నో రోజో ఉంటుంది. లీపు ఏడాది కాకపోతే మార్చి 14 అంటే 073, మార్చి 15 అంటే 074. రెండూ అడిగి తెచ్చుకుని సాఫ్ట్‌వేర్‌లో కలపండి.

ఆ 18 సెకన్ల తేడా కూడా గుర్తుపెట్టుకోండి. జీపీఎస్ కాలం ప్రపంచ ప్రామాణిక కాలం కన్నా 18 సెకన్లు ముందుంటుంది. ఫొటోల సమయాన్ని ఒకదాంట్లో, డ్రోన్ లాగ్‌ను ఇంకోదాంట్లో పెట్టి ప్రాసెస్ చేస్తే, సెకనుకు 8 మీటర్ల వేగంతో వెళ్లే డ్రోన్ 144 మీటర్లు తప్పుచోట పడుతుంది.

డేటా అడిగేటప్పుడు ఎన్ని సెకన్లకొకసారి రికార్డు చేసినది కావాలో చెప్పండి. ఏమీ చెప్పకపోతే చాలాచోట్ల 30 సెకన్ల ఫైలే ఇస్తారు. అది గంటల తరబడి స్టాటిక్ పెట్టేవాళ్లకు. డ్రోన్‌కు 1 సెకను ఫైల్ కావాలి. ఒక సెకను డేటాను ల్యాబులు కొద్ది వారాలో నెలలో ఉంచి చెరిపేస్తుంటాయి, ఫ్లైట్ అయిన వారంలోనే అడగండి. ఫైల్‌తోపాటు బేస్ యాంటెన్నా మోడల్, బేస్ కోఆర్డినేట్లు, అవి ఏ ఐటీఆర్‌ఎఫ్‌లో (ప్రపంచ కోఆర్డినేట్ల చట్రంలో) ఏ ఏటికి లెక్కగట్టినవో రాయించుకోండి. ఎగరేసే ముందు, డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాప్ చూశారనే అనుకుంటున్నాం. విమానాశ్రయం, నేవీ ఉన్న ఊరు ఇది.

ప్రశ్న: అరకులో కొండవాలు జారుడు మీద పని చేస్తున్నాం. విశాఖ ల్యాబ్ బేస్ అంత దూరం పనికొస్తుందా?
— జియాలజీ పరిశోధకులు, అరకులోయ

ఆర్‌టీకేకు పనికిరాదు. గీత గీసి చూస్తే 80 కిలోమీటర్లు. రిసీవర్ కంపెనీల లెక్కలోనే కిలోమీటరుకో మిల్లీమీటరు కలుస్తుంది, అంటే అదే 8 సెంటీమీటర్లు. ఫిక్స్ రావడమే కష్టం. ఇంకో చిక్కు ఎత్తుది. బేస్ సముద్రం పక్కన, మీరు 900 మీటర్ల పైన. మధ్యలో ఉన్న తేమగాలి పొర బేస్ సిగ్నల్‌ను ఆలస్యం చేసినంతగా మీ సిగ్నల్‌ను చేయదు. ఆ తేడా మీ ఎత్తుల్లోకి చేరుతుంది. వర్షాకాలంలో ఇంకా ఎక్కువ.

మీ సొంత బేస్ పెట్టుకోండి. జారని బండరాయి చూసి, డ్రిల్‌తో రంధ్రం చేసి స్టీలు బోల్టును ఎపాక్సీతో బిగించండి. మట్టిలో పాతిన కాంక్రీటు దిమ్మె వానాకాలానికి ఊగుతుంది. దాని మీద రెండు ఫ్రీక్వెన్సీల రిసీవర్‌తో 30 సెకన్ల చొప్పున కనీసం 6 గంటలు, వీలైతే 24 గంటలు రికార్డు చేయండి. ఆ ఫైల్‌ను ఆన్‌లైన్ సర్వీసులైన ఆస్ట్రేలియావాళ్ల ఆస్‌పాస్‌కో కెనడావాళ్ల సీఎస్‌ఆర్‌ఎస్-పీపీపీకో పంపితే డబ్బులు లేకుండా కోఆర్డినేట్లు వస్తాయి. శాటిలైట్ల తుది కక్ష్య వివరాలు విడుదల కావడానికి 12 నుంచి 18 రోజులు పడుతుంది, మూడు వారాలాగి మళ్లీ పంపితే ఫలితం ఇంకాస్త మెరుగవుతుంది.

ఏటా కొలిచి పోల్చేవాళ్లు ఒకటి మరిచిపోతే పరువు పోతుంది. భారత ఫలకం ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. ఈ సర్వీసులు ఇచ్చే కోఆర్డినేట్లు కొలిచిన రోజువి. పదేళ్ల తర్వాత కొలిస్తే కదలని బండ కూడా అరమీటరు జరిగినట్టు కనిపిస్తుంది. వాలు జారిందో లేదో తేలాలంటే మీ పాయింట్లను ఆ బండ మీది బేస్‌తో పోల్చి చూడాలి.

యాంటెన్నా ఎత్తు వంకరగా, అంటే గుర్తు నుంచి యాంటెన్నా అంచు దాకా కొలిచారా, నిలువుగా కింది అంచు దాకా కొలిచారా అన్నది ఫారంలో రాయండి. మొదట్లో, చివర్లో రెండుసార్లు కొలవండి, 2 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ట్రైపాడ్ కుంగినట్టే. రోవర్ పోల్‌ది ఇంకో గొడవ. 2 మీటర్ల పోల్ అరడిగ్రీ వాలితే పైన యాంటెన్నా 17 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. కంట్రోలర్‌లో నిన్నటి 1.8 మీటర్లే ఉండిపోతే 20 సెంటీమీటర్లు. రెండూ ఫిక్స్‌లోనే, పచ్చరంగులోనే చూపిస్తాయి.

ప్రశ్న: మా కాలేజీ మేడ మీద సొంత రిఫరెన్స్ స్టేషన్ (శాశ్వత బేస్) పెట్టాలనుకుంటున్నాం. రిసీవర్ ధర సరే, మిగతా జాగ్రత్తలేమిటి?
— అధ్యాపకులు, పెందుర్తి

రిసీవర్ కన్నా యాంటెన్నా నిలబెట్టిన చోటే ఫలితాన్ని తేలుస్తుంది. పది డిగ్రీల పైన చుట్టూ ఆకాశం ఖాళీగా ఉండాలి. నీళ్ల ట్యాంకు, సోలార్ ప్యానెళ్లు, ఏసీ యూనిట్లు, సెల్ టవర్ ఉన్న మేడ వద్దు. స్తంభం బరువు మోసే పిల్లర్ మీద రావాలి, పిట్టగోడకు బిగించిన పైపు పనికిరాదు. ఎండకు గోడ వ్యాకోచిస్తే పైపు మొన మిల్లీమీటర్లలో రోజూ ఊగుతుంది, మీ డేటాలో అది 24 గంటల అలలా కనిపిస్తుంది. ఇక్కడ 2014లో హుద్‌హుద్ ఏం చేసిందో తెలిసిందే కాబట్టి బోల్టులూ, ప్లేటూ స్టెయిన్‌లెస్ స్టీలువి వాడి, గాలికి నిలిచేలా కట్టండి.

కేబుల్ వీలైనంత పొట్టిది, నష్టం తక్కువదీ తీసుకోండి. 30 మీటర్లు దాటితే మధ్యలో యాంప్లిఫయర్ అవసరమా అని లెక్క చూడాలి. కేబుల్ లోపలికి వచ్చే చోట పిడుగు అరెస్టర్ పెట్టి విడిగా ఎర్తింగ్ ఇవ్వండి. కనెక్టర్ల మీద సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి, మామూలు ఇన్సులేషన్ టేపు ఒక్క వేసవికి ఊడిపోతుంది. సముద్రపు ఉప్పుగాలికి కనెక్టర్‌లో పచ్చటి తుప్పు పడితే సిగ్నల్ బలం తగ్గుతుంది. ఆ బలం 45 డీబీ-హెర్ట్జ్ రావాల్సిన శాటిలైట్ 35 దగ్గర ఆగిపోతుంటే రిసీవర్‌ను అనుమానించకుండా ముందు మేడెక్కి కనెక్టర్ విప్పి చూడండి. ఏడాదికోసారి విప్పి మార్చడం మేలు.

ఆన్ చేసిన రోజే కరెక్షన్లు పంచకండి. కనీసం వారం డేటా తీసి కోఆర్డినేట్లు తేల్చాకే పంచండి. బేస్ కోఆర్డినేట్ మీటరు తప్పయితే రోవర్లన్నీ నిక్షేపంగా ఫిక్స్ అయి, అందరూ ఒకే మీటరు తప్పులో పనిచేస్తారు. ఫిక్స్ అనే మాటకు అర్థం బేస్‌తో పోలిస్తే సరి అని మాత్రమే. కరెంటుకు యూపీఎస్, ఇంటర్నెట్‌కు రెండో దారిగా సిమ్ రౌటర్, సర్వర్‌కు స్థిరమైన ఐపీ ఉండాలి. ఇంటర్నెట్‌లో కరెక్షన్లు పంపే ఎన్‌ట్రిప్ పద్ధతికి మామూలుగా 2101 పోర్టు వాడతారు, కాలేజీ ఫైర్‌వాల్ దాన్ని మూసేసి ఉంటుంది. సగం ఫిర్యాదులు అక్కడే పుడతాయి.

ప్రశ్న: నేను పంపిన పాయింట్ మ్యాపులో బంగాళాఖాతంలో పడింది!
— డిగ్రీ విద్యార్థి, భీమిలి

మీరు రాసుకున్నది 17.4350, 83.1920. అది 17 డిగ్రీల 43 నిమిషాల 50 సెకన్లు, 83 డిగ్రీల 19 నిమిషాల 20 సెకన్లు అయ్యుంటుంది. దశాంశాల్లోకి మారిస్తే 17.7306, 83.3222, అంటే యూనివర్సిటీ పరిసరాలు. మార్చకుండా చుక్క పెట్టేయడంతో 30 కిలోమీటర్లకు పైగా దక్షిణంగా జరిగి నీళ్లలోకి దిగింది. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి కలపండి. దశాంశాల్లో ఐదో స్థానం మన దగ్గర మీటరు, ఆరోది పది సెంటీమీటర్లు. ఫోన్ జీపీఎస్‌కు పది అంకెలు రాసి ప్రయోజనం లేదు. పాత టోపోషీట్ మీద పాయింటు పెట్టేటప్పుడు అది ఎవరెస్ట్ డేటమ్‌లో, అంటే జీపీఎస్ వాడేది కాని పాత భూమి నమూనాలో ఉందేమో చూడండి. మార్చకపోతే వంద మీటర్లకు పైనే పక్కకు పోతుంది.

ప్రశ్న: పక్క పొలంవాళ్లతో గట్టు తగాదా. యూనివర్సిటీ ల్యాబ్‌తో కొలిపించి కాగితం తెస్తే చెల్లుతుందా?
— రైతు, ఆనందపురం

ల్యాబ్ మీ గట్టు ఇప్పుడు ఎక్కడుందో సెంటీమీటర్లలో చెప్పగలదు. ఎక్కడ ఉండాలో చెప్పలేదు. అది ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), సర్వే రాళ్లు, రికార్డులు చూసి ప్రభుత్వ సర్వేయరు తేల్చాల్సిన పని. ముందు హద్దు కొలతకు దరఖాస్తు పెట్టండి, పక్క రైతుకు నోటీసు అందేలా చూసుకోండి. సర్వేయరు వచ్చి రాయి పాతాక, కావాలంటే ఆ రాళ్ల కోఆర్డినేట్లు ల్యాబ్‌తో తీయించి దాచుకోండి. రేపు రాయి కదిపితే ఎంత కదిలిందో తెలుస్తుంది.